భయానకరసాస్వాదము: మేడ్చల్, శామీర్‌పేట విద్యార్థుల రాత్రులు

మేడ్చల్ రహదారి ప్రక్కనున్న ఒక వసతిగృహమున, రాత్రి పదునొకండు గంటలు దాటిన పిమ్మట, సగము వ్రాసిన ల్యాబ్ రికార్డును, చల్లారిన టీ గ్లాసును ప్రక్కకు నెట్టి, దీపమార్పి, చెవులకు హెడ్‌ఫోనులు తగిలించుకొని, ల్యాప్‌టాప్ వెలుతురులో దయ్యపు సినిమా చూచుచున్న విద్యార్థి నొకనిని చూచితిని. మిడ్ పరీక్షలకు నాలుగు దినములే మిగిలియుండెను. హెడ్‌ఫోను మెత్తల తోలు పెచ్చులూడి, నల్లని తునకలు ఆతని చెంపల కంటియుండెను. మందలింపవలెనని పోయిన నేను వాకిటనే నిలిచిపోతిని. ఏలయన, ఆతని ముఖమున భయముతోపాటు, పరీక్షల కాలమున నేనెన్నడును ఎరుగని యొక విశ్రాంతి కనబడెను. ఈ పరిశీలనకు ఆ ముఖమే మూలము.

1998లో స్థాపితమైన నల్సార్ న్యాయవిశ్వవిద్యాలయము శామీర్‌పేటలోను, 2008లో ఆరంభమైన బిట్స్ పిలానీ ప్రాంగణము జవహర్‌నగర్ చెంతను ఉండగా, కండ్లకోయ, మైసమ్మగూడల యందు ఇంజనీరింగు కళాశాలలు వెలసినవి. ఇచ్చటి విద్యార్థి నగరపు వినోదములకు దూరముగను, పల్లె చీకటికి చేరువగను కాలము గడుపును. మైసమ్మగూడ యను పేరును అతడు బస్సుల మీద చదివి మరచును గాని, మైసమ్మ చెరువుకట్టకు కావలి కాయు ఉగ్రదేవత. శామీర్‌పేట చెరువుకట్టమీదను కట్టమైసమ్మ కొలువైయున్నది. బోనాలనాడు ఒడలెల్ల పసుపు పూసికొని, కొరడా ఝళిపించుచు పోతురాజు వచ్చునప్పుడు, తల్లి కొంగుచాటునకు పరుగెత్తియు, ఆ కొంగు సందునుండియే తొంగిచూచిన బాల్యము ఇచ్చటివారి కెందరికో కలదు. భయమును వెదకికొని పోయి చూచుట ల్యాప్‌టాపుతో వచ్చిన వాడుక కాదు.

భరతుడు నాట్యశాస్త్రమున ఎనిమిది రసములను చెప్పి, భయానకమునకు నలుపును వర్ణముగను, కాలుని అధిదేవతగను నిర్దేశించెను. నేటి పిల్లలు ‘డార్క్ సినిమా’ యని పిలుచుదానికి ఆ ముని ఏనాడో రంగు వేసియుంచెనని తోచి నాకు ఆశ్చర్యము కలిగినది. ఆయన చెప్పిన విభావములు, అనగా భయమును పుట్టించు హేతువులు, మరింత విశేషమైనవి: వికృతధ్వనులు, భూతదర్శనము, నక్కల, గుడ్లగూబల వలని బెదురు, అరణ్యము, శూన్యగృహ ప్రవేశము. మన తెలుగు దర్శకులు వీనిని గ్రంథమునుండి గ్రహించిరో, స్వబుద్ధితో కనుగొనిరో గాని, తెరమీద మాత్రము ఇవియే కనబడుచున్నవి. రాంగోపాల్ వర్మ తీసిన ‘రాత్రి’ (1992)లో రేవతి ధరించినది కాలేజీ విద్యార్థిని పాత్రయే. నిండియున్న సినిమాహాలు ఆమె కన్నులయెదుట నిర్జనమగు ఘట్టము శూన్యగృహమునకు ఆధునిక రూపము. ఆ చిత్రపు నేపథ్యసంగీతముతోనే మణిశర్మ చలనచిత్రరంగమున సంగీతకర్తగా తొలియడుగు వేసెను.

అంతకంటె నాకు ప్రియమైనది వంశీ దర్శకత్వమున 1985లో వచ్చిన ‘అన్వేషణ’. పక్షుల కూతలకును సంగీతస్వరములకును గల సంబంధమును పరిశోధింప నొక యువతి అడవికి వచ్చును. ఆ అడవిలో హత్యలు జరుగుచుండును. చదువు, సంగీతము, భయము అను మూడును ఒకే పాత్రయందు ముడివడిన ఇట్టి కల్పన మన సినిమాలో అరుదు. ఇళయరాజా సంగీతమున ఏది పక్షికూతయో, ఏది ప్రమాదసూచనయో తెలియక ప్రేక్షకుడు చెవియొగ్గును. చెవియొగ్గుటయే అచ్చట భయమునకు మొదటి మెట్టు. ‘మసూద’ (2022), ‘విరూపాక్ష’ (2023), ‘మంగళవారం’ (2023) చూచి పెరిగిన మా విద్యార్థులకు ఈ చిత్రమును చూపితిని. పాతదని నవ్వుదురేమోయని శంకించితిని గాని, వారు ఊపిరి బిగబట్టి చూచిరి.

ఇక సంగీతము. ఆ వసతిగృహపు విద్యార్థి వినునది మెటల్ సంగీతము. దాని పుట్టుక ఇంగ్లండునందలి బర్మింగ్‌హామ్ కర్మాగారముల నడుమ జరిగినది. టోనీ అయోమీ యను పదునేడేండ్ల కార్మికుడు యంత్రమున చేయి చిక్కి రెండు వ్రేళ్ళ కొనలను పోగొట్టుకొని, ప్లాస్టిక్కు కరగించి తొడుగులు చేసికొని, వానితోనే గిటారు మీటెను. తరువాతి కాలమున తంత్రుల బిగువు తగ్గించి శ్రుతిని దించగా ఆ నాదమునకు మరింత బరువు వచ్చెను. ఆతని బృందము బ్లాక్ సాబత్ 1970లో వెలువరించిన తొలి ఆల్బమునందలి మొదటి పాట, ఆధారస్వరమునుండి మూడు పూర్ణాంతరముల దూరమున నున్న స్వరముపై నిలిచి బెదరించును. మన పరిభాషలో అది షడ్జమమునుండి ప్రతిమధ్యమమునకు గల దూరమే. ప్రతిమధ్యమమే ఆశ్రయముగా గల శుభపంతువరాళి రాగము యొక్క ఆర్తిని ఎరిగిన చెవికి ఆ గిటారు నాదము పరాయిది కానేరదు. రెండును ఒకటియని నేననను. ఒకచోట అది గమకముతో కరగి వేదన యగును, మరియొకచోట కరగక గోడవలె నిలుచును.

2015లో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు ఇట్టి ఉగ్రసంగీతప్రియులను ముప్పదితొమ్మండుగురిని, ముందు కోపము తెప్పించి, పిదప అందు కొందరిని తమ పాటలను విననిచ్చి పరీక్షింపగా, వినినవారి కోపము పెరుగక శాంతించుటయే గాక ఉత్సాహముకూడ కలిగెనని తేలినది. డెన్మార్కునందు 110 మంది సందర్శకుల గుండెవేగమును ఒక భూతగృహమున కొలిచి 2020లో ప్రకటించిన అధ్యయనము, భయము మరీ తక్కువైనను మరీ ఎక్కువైనను ఆనందము సన్నగిల్లుననియు, నడిమి మోతాదునందే అది పరాకాష్ఠ నందుననియు నిరూపించినది.

అయినను ఈ కొలతలకంటె ఆ విద్యార్థి మాటయే నాకు ఎక్కువ బోధించినది. “చదువు భయానికి ఎండింగ్ ఉండది సార్. మిడ్స్ అయితె సెమిస్టర్, సెమ్ అయితె ప్లేస్‌మెంట్. సినిమా భయం రెండు గంటల్ల ఒడుస్తది. లైట్ వేసుకుంట, మల్ల రికార్డు రాస్త,” అని ఆతడు నాతో చెప్పెను. ఇంతకంటె స్పష్టముగా నేను చెప్పజాలను. బ్యాక్‌లాగుల, ఫీజుల, ఉద్యోగముల భయమునకు రూపములేదు. అది పుస్తకము మూసినను వెంటవచ్చును. సినిమా భయమునకో, ఆరంభము, ఆరోహణము, అవసానము కలవు. ఆకారములేని భయమును ఆకారముగల భయములో పోసి, రెండు గంటలపాటు చేతబట్టి చూచుకొనుటయే ఆ రాత్రి నేను చూచిన విశ్రాంతికి కారణమని నా నిశ్చయము.

దీనికి ప్రతిపక్షము లేకపోలేదు. నాట్యదర్పణకర్తలైన రామచంద్రగుణచంద్రులు పండ్రెండవ శతాబ్దిలోనే రసము సుఖదుఃఖాత్మకమనిరి. కరుణ, భయానకాదులు దుఃఖమునే కలిగించుననియు, కవినటుల నేర్పే మనలను లోబరచుకొనుననియు వారి మతము. చూచిన సినిమా తలకెక్కి నిద్రపట్టక, మరునాడు తరగతిలో తూలిపోవువారిని ఎరుగుదును గనుక ఆ మతమును త్రోసివేయలేను. అట్టివారికి నేను ముందు నిద్రనే చెప్పుదును.

కాని నాట్యశాస్త్ర వ్యాఖ్యాతయైన అభినవగుప్తుడు రసానుభవమును వివరించుటకు భయానకమునే ఉదాహరణముగా గైకొని, శాకుంతల ప్రథమాంకమున దుష్యంతుని రథమునకు బెదరి పారిపోవు లేడిని చూపెను. ఆ భయము లేడిది కాదు, మనది కాదు; దేశకాలముల కట్టు తెగి భయముగా మాత్రమే మిగులును.

పరీక్షలు ముగిసిన సాయంకాలము ఆ విద్యార్థితో శామీర్‌పేట జవహర్ జింకల పార్కునకు పోయి, నడచుచు ఈ సంగతి చెప్పితిని. రాజీవ్ రహదారి వైపునుండి లారీ హారను మ్రోగెను. కంచె దగ్గరనున్న దుప్పి యొకటి ఉలికిపడి, నాలుగు గంతులలో పొదలదాక పోయి, ఆగి, మెడ త్రిప్పి వెనుకకు చూచెను. ఆతడు చెవులనుండి హెడ్‌ఫోనులు తీసి మెడలో వేసికొని, అది మరల మేతకు తలవంచువరకు కదలక నిలుచుండెను.