చిల్గోజా పైన్: అడవి చెట్టు, ఖరీదైన పప్పు

డ్రైఫ్రూట్స్ దుకాణాల్లో సన్నగా, పొడవుగా, గోధుమరంగు పెంకుతో కనిపించే చిల్గోజా ఒక అడవి పైన్ చెట్టు విత్తనం. శాస్త్రీయ నామం పైనస్ జిరార్డియానా.

ఎక్కడ పెరుగుతుంది: మన దేశంలో ముఖ్యంగా హిమాచల్ ప్రదేశ్‌లోని కిన్నౌర్ జిల్లాలో, కొంతవరకు చంబా జిల్లా పాంగీ లోయలో ఉంది. సుమారు 1,800 నుంచి 3,300 మీటర్ల ఎత్తున, వాన తక్కువగా పడి, చలికాలంలో మంచు కురిసే కొండవాలులు దీనికి అనుకూలం. మన మైదానాల వేడికి ఇది పనికిరాదు. మొక్కలు అమ్ముతామని ఎవరైనా వస్తే డబ్బు పెట్టకండి.

ఉపయోగాలు: పప్పును పచ్చిగా గానీ వేయించి గానీ తింటారు. ఇందులో దాదాపు సగం కొవ్వే. నూనె కూడా తీస్తారు. కిన్నౌర్ కుటుంబాలకు ఇది ముఖ్యమైన రాబడి.

కోత: సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో కాయలు విచ్చుకోకముందే కోసి, ఎండబెట్టి, కర్రలతో కొట్టి గింజలు రాలుస్తారు.

సమస్య: కాయలన్నీ కోసేయడం, కొమ్మలు నరకడం వల్ల నేల మీద విత్తనం మిగలక కొత్త మొక్కలు బాగా తగ్గిపోయాయి.

మనం గమనించాల్సింది: మన అడవుల్లో మొర్రి (సారపప్పు), ఉసిరి సేకరించేవారికీ ఇదే వర్తిస్తుంది. కొమ్మలు నరకకండి. పక్వానికి రాకముందే కోయకండి. ప్రతి చెట్టుకూ కొన్ని కాయలు వదలండి. అవే రేపటి చెట్లు.