ఉమ్మెత్త మందు తాగిన ఇల్లాలు

1804లో, పాత జపాన్ పంచాంగం ప్రకారం పదో నెల 13వ నాడు, కీ ప్రాంతంలోని హిరయామా పల్లెలో అరవై ఏళ్ల స్త్రీ ఒకామె కషాయం తాగి పడుకుంది. రొమ్ములో కణితి. ఆమెకు స్పృహ పూర్తిగా పోయాక వైద్యుడు హనఓకా సేషూ కత్తి పట్టి దాన్ని తీసేశాడు. బోస్టన్‌లో ఈథర్ మత్తిచ్చి చేసిన ప్రసిద్ధ ఆపరేషన్ 1846 నాటిది. అంటే ఈ పల్లెటూరి వైద్యుడు నలభై రెండేళ్లు ముందున్నాడు. కానీ అప్పటి జపాన్ తలుపులు బిగించుకున్న దేశం. పైగా మందు గుట్టు బయట పెట్టకూడదని శిష్యుల చేత సేషూ ఒట్టు వేయించుకునేవాడు. లోకానికి తెలిసేసరికి చాలా ఆలస్యమైంది.

ఆ కషాయంలో ముఖ్యమైన సరుకు ఉమ్మెత్త. మన ఊళ్లలో దిబ్బల మీద మొలిచి, వినాయక చవితి పత్రిలోకి వచ్చే జాతి మొక్కే. దానికి తోడు వసనాభి, మరికొన్ని మూలికలు. ఉమ్మెత్తా విషమే, వసనాభీ విషమే. మోతాదు తగ్గితే రోగి కత్తి కింద మేలుకుంటాడు, పెరిగితే ఇక లేవడు. సరైన మోతాదు పట్టుకోడానికి దాదాపు ఇరవై ఏళ్లు పట్టింది. కుక్కలూ పిల్లులూ అయ్యాక మనిషి కావాల్సి వచ్చింది. ఆ మనుషులు ఇంట్లోనే దొరికారు: తల్లి ఒత్సుగి, భార్య కయే. ఈ ప్రయోగాల్లో తల్లి ప్రాణం, భార్య చూపు పోయాయని చెబుతారు. ఉమ్మెత్తలో ఉండే అట్రోపిన్ కంటిపాపను విప్పార్చే మందు, కంటి వైద్యులు చుక్కలుగా వాడేదే. అందుకని కయే గుడ్డిదైందంటే కట్టుకథని కొట్టిపారేయలేం.

ఇంతవరకే చెబితే ఇదొక పతివ్రత కథ. అదే కీ ప్రాంతపు వకయామాలో పుట్టిన రచయిత్రి అరియోషి సవాకో అలా చెప్పలేదు. 1966లో ఆమె రాసిన నవల అసలు భర్త గురించి కాదు, అత్తాకోడళ్ల గురించి. అత్త అంటే మనకు వెంటనే సూర్యకాంతం గొంతు వినిపిస్తుంది. ఒత్సుగి ఆ కోవ మనిషి కాదు. అందగత్తె, మాట మెత్తన, ఊరంతా మెచ్చిన ఇల్లాలు. సమురాయి ఇంటి పిల్ల కయేని ఏరి కోరి కోడలిగా తెచ్చుకుంది. పెళ్లినాడు వరుడు లేడు, క్యోటోలో వైద్యం చదువుతున్నాడు. ఆ చదువు ఖర్చుకు కోడలు ఆడపడుచులతో కలిసి మగ్గం ముందు కూర్చుంది. అత్తాకోడళ్ల ప్రేమ చూసి జనం ముచ్చటపడ్డారు. కొడుకు ఇంటికి తిరిగొచ్చిన రోజు నుంచీ అది పోటీగా మారింది. అరుపుల్లేవు, తిట్లు లేవు, అన్నీ మర్యాద మాటలే. చివరికి నా మీద పరీక్షించమంటే నా మీద పరీక్షించమని ఇద్దరూ వాదులాడుకున్నారు. నవలలో తల్లికి దక్కింది తేలికపాటి మందు. అసలు మోతాదు తాగింది భార్య.

మరి సేషూ? ఇద్దరి మధ్యా ఏం నడుస్తోందో ఎరగనట్టే ఉంటాడు. పెళ్లి కాకుండానే జబ్బుపడి చనిపోతూ అతని చెల్లెలు కొరికు, అన్నకు అంతా తెలుసని, తెలిసే మౌనంగా లాభం పొందాడని వదినతో అంటుంది. నా లెక్కలో నవలకు ప్రాణం అక్కడుంది. కయేది త్యాగం కాదని అనను. కానీ అది భక్తి ఒక్కదానిలోంచే పుట్టలేదు, ఆ ఇంట్లో కోడలికి గెలవడానికి మరో దారి లేకపోవడంలోంచీ పుట్టింది. త్యాగం చేసిన మనిషిని పొగుడుతూ పుచ్చుకున్నవాణ్ని పల్లెత్తు మాట అనకపోవడం కథలు చెప్పేవాళ్ల పాత అలవాటు.

1967లో దర్శకుడు యసుజో మసుమురా దీన్ని నలుపు తెలుపుల్లో సినిమాగా తీశాడు. కయేగా అయాకో వకావో, ఒత్సుగిగా హిదేకో తకమినే. ఇద్దరూ ఒకరినొకరు చూసుకునే చూపుల కోసమైనా చూడాల్సిన సినిమా. నవల మాత్రం సమాధుల దగ్గర ముగుస్తుంది: సేషూ రాతి ఫలకం ఎంత పెద్దదంటే, ఎదురుగా నిలబడితే వెనకున్న ఇద్దరు ఆడవాళ్ల రాళ్లూ కనబడవు.

ఆ ఆపరేషన్ తేదీ పేరు మీద జపాన్‌లో ఇప్పుడు ఏటా అక్టోబరు 13ను మత్తువైద్య దినంగా జరుపుతారు. అక్కడి మత్తువైద్యుల సంఘం చిహ్నంలో ఉన్నది ఉమ్మెత్త పువ్వే.