కోల్‌కతా ఫుట్‌బాల్ స్టేడియం: స్థల నిర్ణయం వెనుక కథ

తెలుగు నేల మీదుగా సాగే కోరమాండల్, ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్‌ల ప్రయాణం ఇప్పుడు షాలిమార్‌లో ముగుస్తుంది. అక్కడ దిగిన తెలుగు ప్రయాణికులలో చాలామంది కోల్‌కతా చేరుకున్నామనే భావిస్తారు. నిజానికి షాలిమార్ హుగ్లీ నదికి పశ్చిమాన, హౌరా నగరంలో, శిబ్‌పూర్ వృక్షశాస్త్ర ఉద్యానానికి చేరువలో ఉంది. కోల్‌కతా నదికి ఆవలి ఒడ్డున మొదలవుతుంది. ఆ నగరాన్ని కూడా దాటి తూర్పు అంచుకు వెళితే, విధాననగర్‌లో, భారత ఫుట్‌బాల్‌కు అతి పెద్ద వేదికగా పేరుపొందిన వివేకానంద యువభారతి క్రీడాంగణం కనిపిస్తుంది. జనం వాడుకలో అది సాల్ట్ లేక్ స్టేడియం.

1984కు ముందు హౌరా అభిమాని పెద్ద మ్యాచ్ చూడాలంటే నదిని దాటితే సరిపోయేది. ఆ తరువాత నదితో పాటు నగరాన్ని కూడా దాటవలసి వచ్చింది. అభిమానులు ఎక్కడున్నారు, ఆట ముగిశాక ఇల్లు ఎలా చేరతారు అనే ప్రశ్నల కంటే, ఏ భూమి ఎవరి చేతిలో ఉంది అన్న ప్రశ్నే ఈ స్థల నిర్ణయంలో నిర్ణాయకమైంది. కోల్‌కతాలో భూమి చరిత్ర తెలియకుండా స్టేడియం చరిత్ర అర్థం కాదు.

కోట ముందరి బయలు

నగరం నడిబొడ్డున నది వెంబడి సుమారు 400 హెక్టార్ల మేర పరచుకున్న పచ్చిక బయలే మైదాన్. బెంగాలీలు దాన్ని గడేర్ మాఠ్ అంటారు, అంటే కోట బయలు అని అర్థం. ఈ పేరులోనే యాజమాన్యం ఎవరిదో చెప్పేసినట్టుంది. ప్లాసీ యుద్ధం తరువాత ఈస్టిండియా కంపెనీ కొత్త ఫోర్ట్ విలియం నిర్మాణానికి పూనుకొని గోవిందపూర్ అనే గ్రామాన్ని ఖాళీ చేయించింది. 1781లో పూర్తయిన ఆ కోట చుట్టూ ఫిరంగి గుళ్లకు అడ్డు రాకుండా నేలను చదునుగా ఉంచారు. శత్రువు కోసం ఉంచిన ఖాళీ అది. ఆ శత్రువు ఎన్నడూ రాలేదు, ఆటగాళ్లు వచ్చారు.

ఇండియన్ ఫుట్‌బాల్ అసోసియేషన్ 1893లో ఏర్పడగా, కలకత్తా లీగ్ 1898లో ఆరంభమైంది. 1889లో పుట్టిన మోహన్ బగాన్, 1891 నాటి మహమ్మడన్ స్పోర్టింగ్, 1920లో వచ్చిన ఈస్ట్ బెంగాల్ ఈ బయలులోనే తమ మైదానాలను ఏర్పరచుకున్నాయి. 1911 జులై 29న ఐఎఫ్ఏ షీల్డ్ ఫైనల్లో ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ను మోహన్ బగాన్ 2–1తో ఓడించినది కూడా మైదాన్‌లోనే. స్థలం లేనివారు చెట్లెక్కి ఆ ఆట చూశారు. అవతల ఉన్నవారికి గాలిపటాల ద్వారా స్కోరు తెలియజేశారు. ఫుట్‌బాల్‌ను చూడదలచిన జనం ముందు చోటు చాలదన్న సమస్య ఆనాడే బయటపడింది.

అయితే మైదాన్ భూమి స్వాతంత్ర్యానంతరం కూడా సైన్యం ఆధీనంలోనే కొనసాగింది. అక్కడ శాశ్వత కట్టడాలకు అనుమతి దుర్లభం. నేటికీ క్లబ్బుల కార్యాలయాలను టెంట్లు అని పిలవడానికి కారణం ఇదే. రూపం మారినా గుడారం అన్న పేరు మాత్రం పోలేదు. క్లబ్బులకు చిన్న గ్యాలరీలు దక్కాయి గానీ, లక్షమంది కూర్చోదగిన కాంక్రీటు స్టేడియానికి ఆ నేలలో చోటు దొరకలేదు.

రవాణా దృష్టితో చూస్తే మాత్రం మైదాన్‌కు సాటి వచ్చే స్థలం ఆ నగరంలో మరొకటి లేదు. డల్హౌసీ స్క్వేర్ ప్రాంతపు గుమాస్తాలు కార్యాలయం వదలగానే నడిచి చేరగలిగేవారు. ట్రాములు అనేకం ఎస్ప్లనేడ్‌కు వచ్చేవి. హౌరా, శిబ్‌పూర్ శ్రామికులు నది దాటగానే మైదాన్ ఎదురయ్యేది. ఆ గ్యాలరీలు మెచ్చుకున్నవారిలో తెలుగు ప్రాంతాల ఆటగాళ్లూ ఉన్నారు. తెలుగువాడైన అప్పారావు, సాలే, వెంకటేశ్, ధన్‌రాజ్, అహ్మద్ ఖాన్‌లను ఈస్ట్ బెంగాల్ అభిమానులు పంచపాండవులని పిలుచుకున్నారు. 1949 నుంచి 1951 వరకు వరుసగా మూడేళ్లు ఆ క్లబ్బు ఐఎఫ్ఏ షీల్డ్ గెలిచింది. తరువాతి తరంలో హైదరాబాద్ నుంచి వెళ్లిన సయ్యద్ నయీముద్దీన్, మహమ్మద్ హబీబ్ కోల్‌కతాలో ఇంటింటి పేర్లయ్యారు.

అప్పు తెచ్చుకున్న ఈడెన్

పెద్ద మ్యాచ్‌కు మిగిలిన దారి ఈడెన్ గార్డెన్స్. క్రికెట్ కోసం ఏర్పడి క్రికెట్ చేతిలోనే ఉన్న మైదానం అది. 1977 సెప్టెంబరు 24న పెలే న్యూయార్క్ కాస్మోస్ తరఫున మోహన్ బగాన్‌పై ఆడినది అక్కడే. వాన నీటితో తడిసి ముద్దయిన ఆ నేలపై మ్యాచ్ 2–2తో ముగిసింది. మోహన్ బగాన్ గోల్స్‌లో ఒకటి హబీబ్‌ది. ప్రపంచ ఫుట్‌బాల్‌లో అత్యంత ప్రసిద్ధుడైన ఆటగాడికి ఆతిథ్యమివ్వడానికి, ఫుట్‌బాల్‌ను ప్రాణంగా భావించే నగరం క్రికెట్ మైదానాన్ని అడిగి తెచ్చుకోవలసి రావడం విడ్డూరమే.

ఆ సర్దుబాటుకు మూల్యం 1980 ఆగస్టు 16న చెల్లించవలసి వచ్చింది. ఈడెన్‌లో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ లీగ్ మ్యాచ్ జరుగుతోంది. ఆటగాళ్ల నడుమ తలెత్తిన ఘర్షణ గ్యాలరీకి పాకింది. ఇరు పక్షాల అభిమానులు ఒకే గ్యాలరీలో పక్కపక్కనే ఉన్నారు. రాళ్లు, తోపులాట, బయటపడే ప్రయత్నంలో తొక్కిసలాట. మొత్తం 16 మంది మరణించారు. ఆ తేదీని కోల్‌కతా నేటికీ ఫుట్‌బాల్ ప్రేమికుల దినంగా పాటిస్తూ రక్తదాన శిబిరాలు నిర్వహిస్తోంది.

స్టేడియం స్థలమంటే పటంపై గీసే వృత్తం మాత్రమే కాదని ఈ దుర్ఘటన గుర్తుచేస్తుంది. ఎన్ని ద్వారాలు, ఎంత వెడల్పు మెట్లు, రెండు పక్షాల వారు వేర్వేరు దిక్కుల నుంచి వచ్చి వేర్వేరు దిక్కులకు వెళ్లగలిగేంత ఆవరణ ఉందా అన్నవన్నీ స్థల విస్తీర్ణంపైనే ఆధారపడతాయి. ఇరుకు స్థలంలో ఎంతటి ఇంజినీరైనా ఈ సౌకర్యాలను పూర్తిగా కల్పించలేడు.

నదీగర్భపు ఇసుకపై నగరం

ఆ విస్తీర్ణం తూర్పున లభించింది. నగరానికి తూర్పున ఉన్న ఉప్పునీటి చిత్తడి నేలలను పూడ్చి కొత్త పట్టణం నిర్మించాలన్నది ముఖ్యమంత్రి విధాన్ చంద్ర రాయ్ సంకల్పం. యుగోస్లావియాకు చెందిన ఇవాన్ మిలుతినోవిచ్ సంస్థకు ఆ పని అప్పగించారు. 1962 ఏప్రిల్ 16న పని మొదలైంది. అదే ఏడాది జులై 1న రాయ్ కన్నుమూశారు. హుగ్లీ గర్భం నుంచి తవ్విన ఇసుక, ఒండ్రును నీటితో కలిపి గొట్టాల ద్వారా నగరం మీదుగా తరలించి చిత్తడిలో నింపారు. నీరు ఇంకిపోగా నేల మిగిలింది. షాలిమార్ ముందు నుంచి ప్రవహించే నదే ఆవలి అంచున కొత్త భూమికి ముడిసరుకైంది. పట్టణ ప్రణాళికను రూపొందించిన వాస్తుశిల్పి దోబ్రివోయ్ తోష్కోవిచ్. రాయ్ జ్ఞాపకార్థం ఆ పట్టణానికి విధాననగర్ అని పేరు పెట్టారు.

ప్రభుత్వ కోణంలో ఇంతకంటే అనువైన స్థలం ఉండదు. సైన్యం అనుమతి అక్కరలేదు, వందలాది యజమానులకు పరిహారం చెల్లించి భూమి సేకరించే పని లేదు, అంచు వెంబడే ఈస్టర్న్ మెట్రోపాలిటన్ బైపాస్. సుమారు 76 ఎకరాల ప్రాంగణంలో అండాకారపు మూడంతస్తుల స్టేడియం లేచింది. ఈడెన్ విషాదం జరిగిన మూడున్నరేళ్లలోపే, 1984 జనవరిలో, దాని ద్వారాలు తెరుచుకున్నాయి. ప్రేక్షకుల సామర్థ్యం 1,20,000. స్థలం దండిగా ఉండటంతో అథ్లెటిక్స్ ట్రాక్ కూడా చేర్చారు. 1987 దక్షిణాసియా క్రీడలకు అది ఉపకరించింది. ఫుట్‌బాల్ ప్రేక్షకుడిని మాత్రం అదే ట్రాక్ గోల్‌పోస్టుకు దూరం చేసింది. మైదాన్‌లో తడకకు ఆనుకొని ఆటగాడి ఊపిరి వినగలిగిన అభిమానికి అది చిన్న నష్టమేమీ కాదు.

ఎవరికీ చెందని ఖాళీ భూమి అన్న మాటను కూడా పరిశీలించక తప్పదు. పూడ్చకముందు అక్కడ చేపల చెరువులున్నాయి. బెంగాలీలో వాటిని భేరీ అంటారు. తెలుగు పాఠకుడికి తోచే నగారాకూ ఈ మాటకూ సంబంధం లేదు. కోల్‌కతా మురుగునీరు ఆ చెరువులలోనే ఎండ, నాచుల సాయంతో శుద్ధి అవుతూ చేపలకు ఆహారమయ్యేది. సెక్టార్ల కింద కొన్ని చెరువులు, వాటిపై బతికిన జాలర్ల ఉపాధి కనుమరుగయ్యాయి. మిగిలిన భాగం విలువను పర్యావరణవేత్త ధ్రువజ్యోతి ఘోష్ వంటివారు దశాబ్దాల పాటు చాటగా, 2002 ఆగస్టులో సుమారు 12,500 హెక్టార్ల తూర్పు కోల్‌కతా చిత్తడి నేలలు రామ్‌సర్ జాబితాలో చేరాయి. 1962 నాటి లెక్కల్లో ఈ పద్దుకు చోటు లేదు. నేడు అదే ప్రతిపాదన వస్తే అనుమతి లభించడం దాదాపు అసాధ్యం.

రైలు కోసం 36 ఏళ్లు

కొత్త వేదిక జనాన్ని రప్పించలేకపోతుందన్న భయం ఉంటే, అది 1997 జులై 13న పటాపంచలైంది. ఫెడరేషన్ కప్ సెమీఫైనల్లో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ తలపడగా 1,31,000 మందికి పైగా హాజరయ్యారు. బైచుంగ్ భూటియా హ్యాట్రిక్‌తో ఈస్ట్ బెంగాల్ 4–1తో గెలిచింది. 2011 సెప్టెంబరు 2న మెస్సీ సారథ్యంలో అర్జెంటీనా ఇక్కడే వెనెజువెలాపై 1–0తో నెగ్గింది. 2017 అండర్–17 ప్రపంచ కప్ కోసం కృత్రిమ పచ్చికను తొలగించి సహజమైన గడ్డి పరిచారు. విడివిడి కుర్చీలు అమర్చడంతో సామర్థ్యం దాదాపు సగానికి తగ్గింది. ఆ ఏడాది అక్టోబరు 28న స్పెయిన్‌ను ఇంగ్లండ్ 5–2తో ఓడించిన ఫైనల్‌ను 66 వేలకు పైగా ప్రేక్షకులు చూశారు. బ్రిటన్‌లో 1989 నాటి హిల్స్‌బరో దుర్ఘటన తరువాత టేలర్ నివేదిక సిఫారసు చేసిన మార్పు కూడా ఇదే: నిలబడే గ్యాలరీలు పోయి, ప్రతి ప్రేక్షకుడికీ ఒక కుర్చీ.

ఆటకు వచ్చే జనం ఎన్నడూ సమస్య కాలేదు. తిరిగి వెళ్లే జనమే సమస్య. మ్యాచ్ ముగిసిన అరగంటలో వేలాది మంది ఒకేసారి బైపాస్‌పైకి వస్తే వారిని మోసుకుపోగలిగింది రైలు మాత్రమే. పారిస్ శివారు సెయింట్ డెనిస్‌లో పాత గ్యాస్ కర్మాగారపు స్థలంలో స్టాడ్ డి ఫ్రాన్స్ కట్టినప్పుడు, 1998 జనవరిలో స్టేడియంతో పాటే రెండు సబర్బన్ రైల్వే స్టేషన్లు తెరిచారు. సాల్ట్ లేక్ స్టేడియం పేరుతో మెట్రో స్టేషన్ రావడానికి 2020 ఫిబ్రవరి 13 దాకా ఆగవలసి వచ్చింది. అప్పుడు కూడా ఆ రైలు విధాననగర్ లోపలే తిరిగింది.

హైదరాబాద్ అనుభవం దీనికి దూరం కాదు. నగరం మధ్యలోని ఫతే మైదాన్ లాల్ బహదూర్ స్టేడియంగా మారి దశాబ్దాల పాటు ఆటలకు ఆశ్రయమిచ్చింది. 2002 జాతీయ క్రీడలకు పశ్చిమ శివారు గచ్చిబౌలిలో కొత్త స్టేడియం కట్టారు. ఆనాడు అది ఊరి చివర. ఐటీ సంస్థలతో నగరమే దాని చుట్టూ పెరిగింది. దానికి కొంత చేరువలోని రాయదుర్గం దాకా మెట్రో 2019లో గానీ రాలేదు. రెండు చోట్లా భూమి సులభంగా లభించడమే స్థలాన్ని నిర్ణయించింది, రవాణా దాని వెనుక నడిచింది.

పశ్చిమ ఒడ్డు వాటా

మరి హౌరా ఎందుకు పోటీలో నిలవలేదు? జనపనార మిల్లులు, రైల్వే యార్డులు, వాటి సందుల్లో అల్లుకున్న కార్మిక వాడలతో నిండిన ఆ పాత పారిశ్రామిక పట్టణంలో 76 ఎకరాలు ఒకేచోట దొరకడం కష్టం. 1992లో విద్యాసాగర్ సేతు ప్రారంభమయ్యే దాకా నగరం పక్కన నదిపై రోడ్డు వంతెన ప్రధానంగా ఒక్కటే, హౌరా బ్రిడ్జి. ఆటగాళ్లకు మాత్రం ఆ ఒడ్డున కొదవ లేదు. హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో 1951 ఆసియా క్రీడల స్వర్ణం గెలిచిన భారత జట్టు కెప్టెన్ శైలేన్ మన్నా హౌరావాసి. పట్టణ మునిసిపల్ స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. డుముర్జలాలో క్రీడానగరం నిర్మించాలన్న ప్రతిపాదన ఇటీవలి సంవత్సరాలలో వచ్చినప్పుడు స్థానికులు ఎదురు తిరిగారు. పట్టణానికి మిగిలిన కొద్దిపాటి పచ్చని బయళ్లలో అది ఒకటనీ, నిర్మాణం పేరిట పిల్లలు ఆడుకునే చోటే పోతుందనీ వారి వాదన.

వర్షాకాలపు కలకత్తా లీగ్ మ్యాచ్‌లు కొన్ని నేటికీ మైదాన్‌లోని క్లబ్బు మైదానాలలో జరుగుతాయి. పెద్ద డెర్బీకి మాత్రం సాధారణంగా సాల్ట్ లేకే వేదిక. హుగ్లీ కింద సొరంగంలో హౌరా మైదాన్ నుంచి ఎస్ప్లనేడ్ దాకా మెట్రో 2024 మార్చి 15న మొదలైంది. 2025 ఆగస్టు 22న ఎస్ప్లనేడ్, సియాల్దా మధ్య మిగిలిన ముక్క కూడా తెరవడంతో హౌరా అభిమాని ఒకే రైలులో స్టేడియం ముందు దిగగలుగుతున్నాడు. షాలిమార్ ఆ మార్గంలో లేదు. అక్కడి నుంచి హౌరా మైదాన్ స్టేషన్ దాకా బస్సో ఆటోనో పట్టుకోవలసిందే.