బస్తర్ చేపలు: చెరువు నిలిచింది, ఏరు తగ్గింది

బస్తర్ నీటి చరిత్రలో తేదీతో సహా దొరికే పాత ఆధారాల్లో ఒకటి తెలుగు శాసనం. ఇంద్రావతికి దగ్గర్లోని బార్సూరులో దొరికిన ఈ శాసనం క్రీ.శ. 1060 నాటిది. అప్పట్లో ఈ ప్రాంతాన్ని నాగవంశపు రాజు జగదేకభూషణ ధారావర్షుడు ఏలుతున్నాడు. అతని సామంతుడు చంద్రాదిత్యుడు తెలుగు చోడుల వంశం వాడు. గుడి కట్టించి, చంద్రాదిత్య సముద్రం అనే చెరువు తవ్వించినట్టు ఆ శాసనం చెబుతుంది. చెరువును సముద్రం అనడం ఓరుగల్లు వైపు వాళ్లకు కొత్త కాదు. 1323లో ఓరుగల్లు పడిపోయాక కాకతీయ రాజు ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు ఇటు వచ్చి రాజ్యం స్థాపించాడని బస్తర్ రాజవంశం చెప్పుకొనే చరిత్ర. ఆ వంశానికే చెందిన దళపతిదేవుడు 18వ శతాబ్దంలో రాజధానిని జగదల్‌పూర్‌కు మార్చాడు. అక్కడి పెద్ద చెరువు దళపత్ సాగర్‌ది ఆయన పేరే.

ఈ చెరువులు సాగుకూ స్నానాలకూ తవ్వించినవి. చేపలు వాటంతట అవే వచ్చి చేరాయి. తొలకరికి వాగులు పొంగి పొలాల మీదుగా పారేటప్పుడు చేపలు ఎదురీదుతూ మళ్లలోకీ చెరువుల్లోకీ ఎక్కుతాయి. కొర్రమీను, మార్పు వంటివి గాలి పీల్చుకోగలవు కాబట్టి నీళ్లు అడుగంటినా బురదలో నెట్టుకొస్తాయి. అందుకే బస్తర్‌లో చేపలు పట్టడం ఒక కులానికే పరిమితమైన వృత్తిగా ఉండిపోలేదు. కేవట్లు, ఢీమర్లు, ఇంద్రావతి మీది చిత్రకూట్ జలపాతం దగ్గరి కుడుకులు ఏటి మీద బతికినవాళ్లు. గోండు, మాడియా, హల్బా ఊళ్లలో మాత్రం వానాకాలం రాగానే ఇంటింటా వెదురు బుట్టలు బయటికొచ్చేవి. గట్టు తెగిన చోట, నీళ్లు జారే మడవ దగ్గర బుట్టను నోరు ఎదురుగా పెట్టి వదిలేస్తే తెల్లారేసరికి కూరకు సరిపడా చేపలు పడేవి. మిగిలినవి ఎండబెట్టేవారు. సంతల్లో సుక్సీ పేరుతో అమ్మే ఎండుచేప ఈనాటికీ కొలతతోనో కుప్పతోనో చేతులు మారుతుంది.

ఊరి చెరువు సంగతి వేరు. దాని మీద అందరికీ హక్కు ఉండేది కాబట్టే అదుపూ ఉండేది. వేసవిలో నీళ్లు తగ్గాక, పెద్దలు నిర్ణయించిన రోజున ఊరంతా కలిసి దిగి పట్టుకునేవారు. ఆ రోజు రాకముందే ఎవరైనా వల వేస్తే తప్పు కట్టాల్సి వచ్చేది. దీన్ని పర్యావరణ పరిరక్షణ అని ఎవరూ పిలవలేదు, పిలవాల్సిన అవసరమూ రాలేదు. అయితే అడవి బిడ్డలు ప్రకృతికి ఎన్నడూ హాని చేయరనే మాట కూడా సరికాదు. ఏటి మడుగుల్లో మంగకాయ వంటి విషపు కాయలు దంచి కలిపి చేపల్ని మత్తెక్కించి పట్టే పద్ధతి ఇక్కడా ఉంది. అది చిన్న మడుగులో, ఏడాదికి ఒకటి రెండుసార్లు జరిగినంత కాలం ఏరు తట్టుకుంది. తర్వాత వచ్చిన పురుగుమందు, పేలుడు మందు అలాంటివి కావు.

విషంతో, పేలుడు మందుతో చేపలు పట్టడాన్ని నిషేధించిన భారత మత్స్య చట్టం 1897లోనే వచ్చింది. కానీ అది బ్రిటిష్ ఇండియాకు చేసిన చట్టం, బస్తర్ అప్పుడు సంస్థానం. 1948లో దేశంలో విలీనమయ్యాకే మధ్య పరగణాల మత్స్య చట్టం, ఆ తర్వాత మధ్యప్రదేశ్ నియమాలు ఇక్కడికి వచ్చాయి. జూన్ 16 నుంచి ఆగస్టు 15 దాకా నదుల్లో వేట నిషేధం ఆ నియమాల్లోదే. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. ఏరుతో సంబంధం లేని చిన్న చెరువులకు ఈ నిషేధం వర్తించదు. కాగితం మీద చూస్తే, చెరువు కన్నా ఏటికే ఎక్కువ రక్షణ ఉంది. జరిగింది మాత్రం దీనికి తారుమారు.

చెరువు వైపు మలుపు 1958లో దండకారణ్య ప్రాజెక్టుతో వచ్చింది. తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన శరణార్థులను పరల్‌కోట్, పఖాంజూర్ ప్రాంతాల్లో స్థిరపరిచారు. చేప లేని భోజనం ఎరగని ఆ కుటుంబాలు ఇంటి పక్కనే గుంటలు తవ్వుకుని బొచ్చె, శీలావతి, మోసు పెంచడం మొదలుపెట్టాయి. పట్టుకోవడమే తప్ప పెంచడం అంతగా అలవాటు లేని ప్రాంతంలో ఇది పెద్ద మార్పు. నేడు కాంకేర్ జిల్లాలోని ఆ ప్రాంతం చేపపిల్లల ఉత్పత్తికి పేరుపడింది. ఒకప్పుడు కోస్తాంధ్ర నుంచి మంచు పెట్టెల్లో వచ్చే చేప మీద ఆధారపడిన ఛత్తీస్‌గఢ్ బజార్లకు ఇప్పుడు సొంత సరుకూ ఉంది. 2021లో రాష్ట్ర ప్రభుత్వం చేపల పెంపకానికి వ్యవసాయ హోదా ఇచ్చింది.

ఏటిని దెబ్బతీసింది వల కాదు, నీటికి జరిగిన మార్పు. 1960ల చివర బైలడిల్లా కొండల్లో ఇనుప ఖనిజం తవ్వకం మొదలైంది. కిరండూల్ నుంచి కొత్తవలస దాకా రైలు మార్గం వేసి, విశాఖ రేవు మీదుగా జపాన్‌కు ఎగుమతి చేశారు. విశాఖ అభివృద్ధి కథలో ఘనంగా చెప్పుకొనే ఆ ఖనిజానికి ఇవతలి చివర శంఖిని నది ఉంది. ఖనిజం కడిగిన ఎర్ర మట్టి దశాబ్దాల పాటు అందులో కలిసింది. అడుగున మెత్తటి మట్టి పేరుకుంటే రాళ్ల సందుల్లో గుడ్లు నిలవవు, వాటి మీద ఆధారపడే పురుగూ పుట్రా ఉండదు. దంతేవాడలో దంతేశ్వరి గుడి దగ్గర శంఖిని, ఢంకిని కలిసే చోట ఒకప్పుడు ఆ ఎరుపు కంటికి కనిపించేది.

ఇంద్రావతి మీద దెబ్బ ఎగువ నుంచి వచ్చింది. ఒడిశాలోని కలహండిలో పుట్టే ఈ నది జగదల్‌పూర్ దాటాక చిత్రకూట్ దగ్గర సుమారు 30 మీటర్ల ఎత్తు నుంచి దూకి, బోధ్‌ఘాట్ లోయల గుండా భోపాల్‌పట్నం వైపు సాగి గోదావరిలో కలుస్తుంది. జలపాతం కింది రాతి మడుగుల్లో ఉండేది బోధ్ చేప. బగారియస్ ప్రజాతికి చెందిన పెద్ద జెల్ల అది, మనిషంత పొడవు పెరగగలదు. కడుపును రాతికి ఆనించి ఉరవడిలో నిలబడే ఆ చేపకు పారే నీరు ఉండి తీరాలి. ఒడిశా ఎగువన ఆనకట్టలు కట్టి నీటిని మహానది వైపు మళ్లించింది. జౌరా వాగు గుండా కొంత నీరు శబరిలోకి పోతోంది. సరిహద్దు దగ్గర 45 టీఎంసీలు వదలాలన్న ఒప్పందం ఉన్నా, కొన్ని వేసవుల్లో చిత్రకూట్ సన్నని ధారగా మారింది. 2019 మేలో జగదల్‌పూర్ పౌరులు నది వెంబడి పాదయాత్ర చేశారు. నీటి కోసం మొదలైన ఆ నడకలో చేపల మాట తక్కువే వినిపించింది.

చేపను కూరగా కాక చదువుగా చూసిన చరిత్ర ఇక్కడ గుహలో మొదలైందని చెప్పవచ్చు. 1950ల్లో శంకర్ తివారీ అనే పరిశోధకుడు కోటంసర్ గుహను పరిశీలించాడు. ఆ చీకటి మడుగుల్లో రంగు తగ్గి, చూపు మందగించిన చిన్న చేపలున్నాయి. శాస్త్రీయంగా అవి బయటి వాగుల్లో ఉండే ఇండోరియోనెక్టిస్ ఎవెజార్డి జాతివే. వెలుగే లేని చోట చేప శరీరం పగలు, రాత్రి లెక్క ఎలా పాటిస్తుందని రాయ్‌పూర్‌లోని రవిశంకర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఏళ్ల తరబడి అధ్యయనం చేశారు. 1982లో ఈ గుహ ఉన్న కాంగేర్ లోయ జాతీయ ఉద్యానవనం కావడంతో ఆ చేపకు ఇల్లు దక్కింది. కవర్ధాలో మత్స్యశాస్త్ర కళాశాల, జగదల్‌పూర్‌లో 2008లో విశ్వవిద్యాలయం వచ్చాక ఈ పనికి స్థానిక విద్యార్థులూ తోడవుతారన్న ఆశ పుట్టింది. పడిన చేపల్ని కొలిచి, జాతి గుర్తించి, ఏటా నమోదు చేసే పనికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు, కొన్నేళ్లు వదలకుండా వచ్చే పదిమంది కావాలి.

ఈ లెక్కల అవసరం ఊహాజనితం కాదు. 1979లో ప్రధాని మొరార్జీ దేశాయ్ శంకుస్థాపన చేసిన బోధ్‌ఘాట్ జలవిద్యుత్ ప్రాజెక్టు, మునిగే ఊళ్లు, అడవి విషయమై అభ్యంతరాలతో ఆగిపోయింది. 2020లో సాగునీటి ప్రాజెక్టుగా దాని సర్వేకు మళ్లీ అనుమతి వచ్చింది. ఊళ్లు మళ్లీ వ్యతిరేకించాయి. రెండుసార్లూ వాదన మునిగే భూమి, చెట్లు, ఇళ్ల మీదే నడిచింది. అక్కడే ఉరవడిలో బతికే బోధ్ నిలవ నీటిలో ఏమవుతుందన్న ప్రశ్న ఆ వాదనల్లో పెద్దగా చోటు చేసుకోలేదు.