గీజర్‌తో 200 యూనిట్లు దాటుతున్నాయా? మీ ఇంటి లెక్క ఇలా వేసుకోండి

చలికాలం మొదలయ్యాక కరెంటు బిల్లు పెరిగితే చాలా ఇళ్లలో మొదటి అనుమానం మీటర్ మీదకే వెళ్తుంది. ఏసీ వాడలేదు, ఫ్యాన్ కూడా తిరగడం లేదు, మరి యూనిట్లు ఎక్కడివి అనిపిస్తుంది. ఎక్కువ ఇళ్లలో జవాబు బాత్రూంలోనే దొరుకుతుంది. తెలంగాణలో గృహజ్యోతి పథకం కింద జీరో బిల్లు అందుకుంటున్న కుటుంబాలకు ఇది ఇంకా ముఖ్యం. నెలలో 200 యూనిట్ల వరకే ఉచితం. ఒక్క యూనిట్ దాటినా ఆ నెల బిల్లు మొత్తం కట్టాల్సిందే.

200 దాటితే ఎంత తేడా?

తెలంగాణలో 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన గృహ టారిఫ్ ప్రకారం, నెల వాడకం 101 నుంచి 200 యూనిట్ల మధ్య ఉంటే మొదటి 100 యూనిట్లకు రూ.3.40, ఆపైన రూ.4.80 చొప్పున లెక్కిస్తారు. అంటే 200 యూనిట్లకు విద్యుత్ చార్జీ రూ.820. వాడకం 200 దాటితే మొదటి 200 యూనిట్ల ధర కూడా మారిపోతుంది. వాటికి రూ.5.10 చొప్పున, ఆపైన వాటికి రూ.7.70 చొప్పున పడుతుంది. 210 యూనిట్లు కాలితే రూ.1,097. పెరిగింది పది యూనిట్లే అయినా భారం రూ.277. ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ, విద్యుత్ సుంకం దీనికి అదనం. గృహజ్యోతి లబ్ధిదారులకైతే సున్నా నుంచి నేరుగా వెయ్యి దాటుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో పద్ధతి వేరు. అక్కడ ఏ శ్లాబులో పడిన యూనిట్లకు ఆ శ్లాబు ధరే వేస్తారు, కింది యూనిట్ల ధర మారదు. అయితే 126 నుంచి 225 వరకు రూ.6 ఉన్న యూనిట్ ధర, 226 నుంచి రూ.8.75 అవుతుంది. గీజర్ యూనిట్లు అక్కడా ఖరీదైనవే.

గీజర్ ఎంత కాలుస్తుంది?

దీనికి ఒక చిన్న సూత్రం చాలు. వేడి చేసే నీళ్ల లీటర్లను, పెంచాల్సిన డిగ్రీలతో గుణించి, 860తో భాగించండి. వచ్చేదే యూనిట్లు.

ఉదాహరణకు శీతాకాలం ఉదయం ట్యాంకు నీళ్లు 20 డిగ్రీలు ఉన్నాయనుకుందాం. స్నానానికి 40 డిగ్రీలు సరిపోతాయి. అంటే పెంచాల్సింది 20 డిగ్రీలు.

- నలుగురు, ఒక్కొక్కరికి 20 లీటర్ల బకెట్: మొత్తం 80 లీటర్లు. రోజుకు సుమారు 1.9 యూనిట్లు, నెలకు 56.
- అదే నలుగురు షవర్ కింద 8 నిమిషాల చొప్పున, నిమిషానికి 8 లీటర్లు పడితే: మొత్తం 256 లీటర్లు. రోజుకు దాదాపు 6 యూనిట్లు, నెలకు 179.

గీజర్ అదే, మనుషులూ వారే. తేడా 120 యూనిట్లకు పైనే. మీ షవర్ ఎంత పోస్తుందో తెలియకపోతే దాని కింద బకెట్ పెట్టి ఒక నిమిషం తిప్పి చూడండి.

వేసవిలో ట్యాంకు నీళ్లు 30 డిగ్రీలు ఉంటే పెంచాల్సింది పదే, ఖర్చు సగమే. చలికాలంలో గీజర్ బిల్లు పెరగడానికి కారణం ఇదే.

వాట్స్ ఎక్కువైతే బిల్లు ఎక్కువా?

కాదు. 3,000 వాట్ల ఇన్‌స్టంట్ గీజర్ అయినా, 1,500 వాట్ల హీటర్ రాడ్ అయినా ఒక బకెట్ నీళ్లను 20 డిగ్రీలు పెంచడానికి అర యూనిట్‌కు కాస్త తక్కువే తీసుకుంటాయి. వాట్స్ ఎక్కువైతే నీళ్లు త్వరగా కాగుతాయి, అంతే. రాడ్‌తో పొదుపు అనుకుని షాక్ ప్రమాదం కొనితెచ్చుకోవద్దు. రాడ్ వాడేవారు స్విచ్ ఆపి, ప్లగ్ తీశాకే నీళ్లు ముట్టుకోవాలి.

ట్యాంకు ఉన్న స్టోరేజ్ గీజర్‌లో మాత్రం ఇంకో ఖర్చు ఉంటుంది. నీళ్లు వాడకపోయినా ట్యాంకు నెమ్మదిగా చల్లారుతుంది, గీజర్ మళ్లీ మళ్లీ వేడి చేస్తుంది. బీఈఈ స్టార్ రేటింగ్ ఇచ్చేది ఈ నష్టం ఆధారంగానే. లేబుల్ మీద 24 గంటల నష్టం 0.8 యూనిట్ అని ఉంటే, రోజంతా ఆన్‌లో వదిలేసిన గీజర్ నెలకు దాదాపు 24 యూనిట్లు ఊరికే కాల్చినట్టే.

తగ్గించుకోవడం ఎలా?

- షవర్ బదులు బకెట్. అన్నింటికన్నా ఎక్కువ మిగిల్చేది ఇదే. షవరే కావాలంటే సబ్బు రుద్దుకునేటప్పుడు కట్టేయండి.
- స్నానాలు వరసగా కానివ్వండి. 15 లీటర్లు, 2,000 వాట్ల గీజర్ నీళ్లను 20 నుంచి 60 డిగ్రీలకు 21 నిమిషాల్లో తెస్తుంది. దానికి 0.7 యూనిట్ చాలు. ఆ నీళ్లలో చన్నీళ్లు కలిపితే 30 లీటర్లు, అంటే బకెటున్నర. గంట ముందే ఆన్ చేయనక్కర్లేదు.
- 70 డిగ్రీలు పెట్టి చన్నీళ్లు కలపడం దండగ. 55-60 మధ్య ఉంచండి. అలాగని మరీ తగ్గించి గోరువెచ్చని నీళ్లు రోజుల తరబడి ట్యాంకులో ఉంచొద్దు, బాక్టీరియా పెరుగుతుంది.
- బోరు నీళ్లయితే కాయిల్‌కు సున్నం పేరుకుని త్వరగా కాలిపోతుంది. ఏడాదికోసారి సర్వీసింగ్ చేయించండి.
- మేడ మీద చోటు ఉంటే సోలార్ వాటర్ హీటర్ గురించి ఆలోచించవచ్చు. పీఎం సూర్యఘర్ పథకం వేరు. అందులో రూ.78,000 వరకు రాయితీ కరెంటు తయారుచేసే ప్యానెళ్లకే, నీళ్లు కాచే పరికరాలకు కాదు.
- కరెంటు మిగులుతుందని గాలి ఆడని బాత్రూంలో గ్యాస్ గీజర్ పెట్టించొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిమిషాల్లో ప్రాణం తీస్తుంది.

నెల మధ్యలోనే తెలుసుకోవచ్చా?

తెలుసుకోవచ్చు. పాత బిల్లులో చివరి రీడింగ్, తేదీ ఉంటాయి. ఈ రోజు మీటర్ మీద కేడబ్ల్యూహెచ్ అని చూపే అంకెలోంచి దాన్ని తీసేసి, గడిచిన రోజులతో భాగించండి. 30 రోజుల్లో 200 లోపు ఉండాలంటే రోజుకు 6.6 యూనిట్లు దాటకూడదు. పదిహేనో రోజుకు 110 వచ్చాయంటే మిగిలిన పదిహేను రోజులు 6 యూనిట్లతో సరిపెట్టుకోవాలి. బకెట్ స్నానాలకు మారాల్సిన సమయం అదే.

లెక్క సరిగ్గా వేసినా రీడింగ్ పొంతన కుదరకపోతే మీటర్ ఫొటో, తేదీతో సహా తీసి పెట్టుకుని 1912కు ఫోన్ చేయండి. అర్హత ఉన్నా జీరో బిల్లు రాకపోతే రేషన్ కార్డు, ఆధార్, సర్వీసు నంబరు వివరాలతో మీ మున్సిపల్ లేదా మండల కార్యాలయంలో అడగాలి. ఒక నెల 200 దాటితే ఆ నెల బిల్లు కట్టాలి. తర్వాతి నెల మళ్లీ లోపు ఉంటే జీరో బిల్లే వస్తుంది.