పరదేశంలో చదివిన చదువుకు లెక్క: నాలందా, వలభి, ధాన్యకటకం

సూరత్ నగరానికి ఆగ్నేయంగా ఉన్న డిండోలిలోను, దాని పొరుగున లింబాయత్‌లోను తెలంగాణ జిల్లాల నుండి మరమగ్గాల పనికి వలస వచ్చిన నేత కుటుంబాలు దశాబ్దాలుగా స్థిరపడి ఉన్నవి. నగరపాలక సంస్థ అక్కడ తెలుగు మాధ్యమ పాఠశాలలను సైతం నడుపుతూ వచ్చినది. ఆ ఇళ్లలోని విద్యార్థి నేడు విశ్వవిద్యాలయానికి చేరి, ఒక సెమిస్టరు విదేశంలో చదువదలచినపుడు మొదట ఎదురయ్యే ప్రశ్న ఒకటే: అక్కడ చదివినది ఇక్కడ లెక్కకు వచ్చునా? రాకపోతే కాలమూ, మగ్గం మీద కూడబెట్టిన సొమ్మూ రెండూ పోయినట్లే. ఈ ప్రశ్న బౌద్ధసంఘానికి క్రొత్తది కాదు. ఏడవ శతాబ్దపు చీనా యాత్రికుల వ్రాతలలో దాని జాడలు స్పష్టంగా కనిపిస్తవి.

నాలందాలో హ్యుయాన్‌త్సాంగ్ విన్న పాఠాల పట్టిక ఒకటి, హుయిలి రచించిన ఆయన జీవితచరిత్రలో ఉన్నది. యోగాచారభూమి మూడుసార్లు, న్యాయానుసారం ఒకసారి, హేతువిద్య, శబ్దవిద్య, ప్రమాణసముచ్చయం రెండేసిసార్లు, మాధ్యమిక, శతశాస్త్రాలు మూడేసిసార్లు. నేటి విశ్వవిద్యాలయం ఇచ్చే మార్కుల పత్రంతో దీనిని పోల్చి చూడదగును. ఇందులో గంటలు లేవు, శ్రేణులు లేవు. ఏ గ్రంథం, ఎన్ని ఆవృత్తులు అన్నదే కొలమానం; యోగాచారభూమిని బోధించినది శీలభద్రుడు కావడమే ముద్ర. స్వదేశంలో ఆ పేరే ఆయన చదువుకు పూచీ.

అయితే పేరు మీద ఆధారపడిన లెక్కకు ఒక చిక్కు ఉన్నది. నాలందాలో చదివినట్లు చెప్పుకొని, చదువకుండానే గౌరవాలు పొందుతూ తిరిగేవారు ఉన్నారని హ్యుయాన్‌త్సాంగ్ స్వయంగా వ్రాసినాడు. దొంగ పట్టాల బెడద మన కాలపు సొత్తు అనుకునేవారు ఈ వాక్యాన్ని గమనించాలి. అదే గ్రంథంలో ద్వారపాలకుని పరీక్ష ప్రస్తావన కూడ ఉన్నది. పరదేశాల నుండి వాదానికి వచ్చినవారిలో అనేకులు ఆ ప్రశ్నలకే వెనుదిరిగేవారట. లోనికి పోయినవారిలో సైతం పదిమందికి ఏడెనిమిదిమంది ఓడిపోయేవారట.

గుజరాతుకు వస్తే, సూరత్‌కు ఖంభాత్ సింధుశాఖ ఆవలి గట్టున, నేటి భావనగర్ జిల్లాలో వలభి ఉన్నది. హ్యుయాన్‌త్సాంగ్ చూచిన నాడు అక్కడ నూరు సంఘారామాలు, ఆరువేల భిక్షువులు; వారు సమ్మితీయ శాఖవారు. ఆచార్యులు గుణమతి, స్థిరమతులు ఆ నగరానికి చేరువలోని విహారంలో నివసించి గ్రంథరచన చేసినారని ఆయన చెప్పినాడు. క్రీ.శ. 671లో చీనా నుండి బయలుదేరిన ఇత్సింగ్, నాలందాను వలభిని ఒకే వరుసలో పేర్కొన్నాడు. విద్యార్థులు ఈ రెంటిలో ఒకచోట రెండు మూడేళ్లు గడిపి, పండితుల మెప్పు పొంది, రాజసభలలో తమ ప్రతిభను చూపేవారు. కీర్తిపొందినవారి పేర్లు ఎత్తైన ద్వారాలపై తెల్లగా వ్రాసేవారు. భారతదేశానికి పోదలచిన చీనా భిక్షువు ముందుగా శ్రీవిజయంలో ఒకటి రెండేళ్లు ఉండి అభ్యసించడం మేలని ఇత్సింగ్ సలహా. నేటి సన్నాహక కోర్సు వంటిదే అది.

ద్వారం మీది పేరు స్థానంలో నేడు అంకె వచ్చినది. 1989లో ఎరాస్మస్ కార్యక్రమంలో భాగంగా ఐరోపా క్రెడిట్ బదిలీ పద్ధతి మొదలైనది. దాని ప్రకారం పూర్తి సంవత్సరపు చదువు 60 క్రెడిట్లు, ఒక్కొక్కటి 25 నుండి 30 గంటల శ్రమ. మన దేశంలో 2021లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ నిబంధనలు వచ్చినవి. 2022 నాటి యూజీసీ నిబంధనల మేరకు, ట్విన్నింగ్ కార్యక్రమంలో విదేశీ సంస్థలో ఆర్జించే క్రెడిట్లు మొత్తంలో 30 శాతం మించరాదు. జాయింట్ డిగ్రీకి ప్రతి సంస్థ నుండి కనీసం 30 శాతం రావాలి. రెండు సంస్థల నడుమ ఒప్పందం ముందే ఉండాలి. ప్రయాణానికి ముందే ఏ పాఠం దేనికి సమానమో కాగితం మీద వ్రాయించుకొనని విద్యార్థి తిరిగి వచ్చి బతిమాలుకోవలసి వస్తుంది.

ఈ లెక్కల పద్ధతిని ఆత్మలేనిదని నిందించడం మన వర్గంలో పరిపాటి. నా అభిప్రాయం వేరు. డిండోలి విద్యార్థికి శీలభద్రుని వంటి పూచీదారు లేడు, రాజసభలో పలుకుబడి లేదు. గంటల లెక్క అతని ఇంటిపేరు అడుగదు. ద్వారం మీద పేరు వ్రాయించుకోగల స్తోమత లేనివానికి అంకెయే న్యాయం.

కాని ఆ అంకెలో ఇమడని సంగతి ఒకటి ఆంధ్రదేశంలోనే జరిగినది. సుమారు క్రీ.శ. 639లో ధాన్యకటకం చేరిన హ్యుయాన్‌త్సాంగ్, పూర్వశైల, అపరశైల విహారాలను చూచి, మహాసాంఘిక త్రిపిటకంలో ఆరితేరిన సుభూతి, సూర్యుడు అనే ఇద్దరు భిక్షువులను కలిసికొన్నాడు. కొన్ని నెలలు ఉండి వారి వద్ద మూలాభిధర్మం మొదలైన శాస్త్రాలు చదివినాడు. అదే కాలంలో వారిద్దరు ఆయన వద్ద మహాయాన శాస్త్రాలు చదివినారు. అతిథి విద్యార్థి అతిథేయులకు గురువైనాడు. నేటి బదిలీ పత్రంలో అతడు నేర్చినదానికి గడి ఉన్నది, నేర్పినదానికి లేదు. అమరావతికి ఎంతో దూరం కాని ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో బౌద్ధ అధ్యయనానికి మయన్మార్ వంటి దేశాల భిక్షువులు వస్తూ ఉంటారు. వారి పాలీ పాండిత్యం నుండి మన విద్యార్థులు పొందే లాభాన్ని పాఠ్యప్రణాళికలో ఎట్లా నమోదు చేయాలో మన సంస్థలు ఆలోచించవలసి ఉన్నది.

చదువు ముగిసిన తరువాత ఆ ముగ్గురు కలిసి పుణ్యక్షేత్రాల దర్శనానికి బయలుదేరినారు. 645లో ఛాంగాన్ చేరినపుడు హ్యుయాన్‌త్సాంగ్ వెంట 657 గ్రంథాలు ఉన్నవి. వానిలో 15 మహాసాంఘిక శాఖవి.