ఒకే నియమము – పలు దేశాల కార్ల పందెము

పందెములో ముందెవరు వచ్చిరో గీత చెప్పును. ఆ గెలుపు న్యాయమైనదా కాదా యన్నది నియమము చెప్పవలెను. పలు దేశాలవారు కలసి ఆడునప్పుడు ఈ రెండవదే పెద్ద చిక్కు. టూరింగ్ కార్ల పందెముల చరిత్ర ఇందుకు చక్కని నిదర్శనము.

టూరింగ్ కారు పందెముకోసమే పుట్టిన బండి కాదు. అంగడిలో అమ్మే కుటుంబపు కారునే సవరించి పరుగెత్తించెదరు. ఎంతవరకు సవరించవచ్చునో తేల్చుటకు అంతర్జాతీయ మోటారు సమాఖ్య 1982లో ‘గ్రూప్ ఏ’ తరగతిని ఏర్పరచినది. పన్నెండు నెలల్లో 5,000 కార్లు తయారైన నమూనాకే అందులో ప్రవేశము. ఆ నమూనా కొలతలన్నియు ముందే సమాఖ్యవద్ద దాఖలు కావలెను.

ఈ పునాదిమీద 1987లో తొలి ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరిగినది. ఐరోపా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, జపాన్‌లలో మొత్తము పదకొండు పందెములు. మొదటిది ఇటలీలోని మోంజాలో. అక్కడ ముందు వచ్చిన ఆరు బి.ఎం.డబ్ల్యూ. కార్లను, వాటి రేకులు నిబంధనకన్న తేలికగా ఉన్నవని తొలగించిరి. ఏడవదిగా వచ్చిన అలన్ మోఫట్, జాన్ హార్వేల హోల్డెన్ కారు విజేత అయినది! అక్టోబరులో ఆస్ట్రేలియాలోని బాతర్స్ట్‌లోను అదే కథ. మొదటి రెండు స్థానములు పొందిన ఫోర్డ్ సియెరా కార్ల చక్రములపై రేకును, పెద్ద టైర్లు పట్టునట్లు మార్చిరని తేలినది. గెలుపు పీటర్ బ్రాక్ జట్టుకు దక్కినది. ప్రేక్షకులు మైదానములో చూచిన ఫలితమొకటి, పుస్తకములో నిలిచినది మరొకటి. ఆ ఛాంపియన్‌షిప్ ఒక్క ఏడాదితోనే ముగిసినది. మరల ఆ పేరు వినుటకు 2005వరకు వేచియుండవలసి వచ్చినది.

తరువాతివారు నియమమును సులభము చేయజూచిరి. బ్రిటన్‌లో 1990లో రెండు లీటర్ల ఇంజను తరగతి మొదలైనది. ఇతర దేశములును దానిని స్వీకరించినవి. ఇంజను వేగమును నిమిషానికి 8,500 చుట్లకు పరిమితము చేసిరి. ఐనను కంపెనీల పోటీవలన ఖర్చు పెరిగి, ఆ దశాబ్ది చివరకు పాల్గొనేవారు తగ్గిరి.

2015లో ఇటలీకి చెందిన మార్సెల్లో లోట్టి ‘టి.సి.ఆర్.’ పద్ధతిని ప్రారంభించెను. ఒకే నియమావళిని అనుమతిపై ఆయా దేశాల నిర్వాహకులకు ఇచ్చుట దీని విధానము. ఒక దేశములో కొన్న కారును మరొక దేశములో పరుగెత్తించవచ్చును. వేగముగా పోవు కారుకు బరువు చేర్చి పోటీని సమము చేసెదరు. 2018లో సమాఖ్య తన ప్రపంచ కప్పుకు ఈ నియమములనే స్వీకరించినది.

తూచేవారు మారినను తూకపురాళ్లు మారరాదు. పరాయి గడ్డమీద పోటీ చేయువానికి ఇంతకన్న పెద్ద భరోసా లేదు.